తీసెయ్యవలసిన మాటలు

మా కాలనీ పార్కులో పొద్దున నడిచేవాళ్ళకు ఈమధ్య కొత్త జబ్బు పట్టుకుంది. రెండు చుట్లు తిరిగి సిమెంటు బెంచీ మీద కూలబడతారు. చెమటైనా తుడుచుకోకుండా ఫోన్లు తీసి, ఐదు గళ్ళలో ఇమిడే ఇంగ్లీషు మాట కోసం తలలు పట్టుకుంటారు. మాట దొరికినవాడు రంగురంగుల గళ్ళను గ్రూపులో పెడతాడు, మిగతావాళ్ళు చప్పట్ల బొమ్మలు పంపుతారు. మా బౌరంపేటలో పొలాలు పోయి ప్లాట్లు, ప్లాట్లు పోయి అపార్టుమెంట్లు వచ్చాక పొద్దున్నే చెయ్యడానికి ఎవరికీ వేరే పనేమీ మిగల్లేదు లెండి.

వాళ్ళ ఆట వాళ్ళిష్టం. దొరకనివాడు నా వైపు తిరుగుతాడు చూడండి, అదీ నాకు ఒళ్ళుమంట.

"మాస్టారూ, మధ్యలో రెండు జడ్లు, చివర వై. మొదటి అక్షరం ఎఫ్ కాదు, డి కాదు. చెప్పండి చూద్దాం."

"నాకు తెలియదండీ."

"భలేవారే! మీరు ఇదే ఉద్యోగం చేశారుగా?"

మొన్న ఒకాయన మీద గట్టిగా అరిచేశాను. "ఆటేగా మాస్టారూ, అంత కోపమెందుకు" అని ఆయన నొచ్చుకున్నాడు. ఇంటికొచ్చాక మా ఆవిడ ఫోన్ చేసి సారీ చెప్పమంది. చెప్పాను. కోపం ఆయన మీద కాదని మాత్రం చెప్పలేదు. నిజమే, నేను ఇదే ఉద్యోగం చేశాను. అది చేస్తూనే అభం శుభం తెలియని ఒక ఆడపిల్ల పేరు పాడుచేశాను. ఆ సంగతి మా ఆవిడకు కూడా తెలియదు.

మాది గుంటూరు వైపు. ఇంగ్లీషు ఎమ్మే చేసి, మేడ్చల్ రోడ్డులో ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో పన్నెండేళ్ళు పాఠం చెప్పాను. కరోనాలో కాలేజీ మూతపడింది. రేపటినుంచి రానక్కర్లేదని ఫోనులో ఒక మెసేజీ పంపారు, అందులో కూడా రెండు తప్పులున్నాయి. మా ఆవిడ బడి ఉద్యోగంతో ఇల్లు గడిచింది. నేను సుచిత్ర చౌరస్తాలో మా బావమరిది టైల్సు కొట్టులో కూర్చున్నాను. పాఠం చెప్పిన నోటితోనే "ఇది తడిసినా జారదండీ, బాత్రూముకు బాగుంటుంది" అని చెప్పాను. ఒకసారి నా పాత విద్యార్థి పెళ్ళాంతో వచ్చాడు. నన్ను గుర్తుపట్టి, గుర్తుపట్టనట్టు నటించి, ఏమీ కొనకుండా వెళ్ళిపోయాడు. వాడు మంచివాడు. వాడి మంచితనమే నాకు ఎక్కువ కష్టంగా అనిపించింది. ఆ రోజుల్లో దొరికింది ఈ ఉద్యోగం.

సుచిత్ర చౌరస్తా దగ్గర మందుల షాపు పైన, రెండో అంతస్తులో ఒక గది. గది చివర అద్దాల కేబిన్‌లో ఓనరు. ఆయనకు ముప్పయ్యేళ్ళుంటాయి, ఆయనదీ కోస్తా వైపే. బయట నలుగురు అమ్మాయిలు, నేను. మాటల ఆటలాడేవాళ్ళకు సాయపడే వెబ్‌సైటొకటి విదేశాల్లో ఉంది. క్యూ పక్కన యు రాని మాటలు, మధ్యలో జె వచ్చేవి, ఎక్స్‌తో ముగిసేవి ఇలా పేజీలు పేజీలు ఉంటాయి అందులో. ఆటలో ఇరుక్కున్నవాడు వాటిలో వెతుక్కుంటాడు. ఆ పేజీలు తయారయ్యేది సుచిత్రలో, మందుల షాపు పైన అని వాడికేం తెలుసు?

మిషను, అంటే కంప్యూటరులోని ప్రోగ్రాము, ఒక్క నొక్కుకు ఆరేడు వందల మాటలు కుమ్మరిస్తుంది. అందులో ముప్పాతిక వంతు ఆ దేశంలో కూడా ఎవరూ ఎరగని చచ్చిన మాటలు. మనుషులకు తట్టేవి ఏరి పైన పెట్టాలి, పనికిరానివి తీసెయ్యాలి. దీనికి ఓనరు ఒక పద్ధతి పెట్టాడు. మొదటి పావుగంట మిషను ముట్టుకోకూడదు. అక్షరాలు బోర్డు మీద రాస్తే, ఎవరికి తట్టిన మాటలు వాళ్ళు కాగితం మీద రాయాలి. మన తలకు తట్టిన మాటే ఆడేవాడి తలకూ తడుతుందని ఆయన నమ్మకం. ఆ తరువాతే మిషను జాబితా తెరిచి వడకట్టడం. ప్రతి పేజీ కింద రెండు గడులుండేవి, 'చేసినవారు', 'చూసినవారు' అని. చేసేది అమ్మాయిలు, చూసేది నేను.

నేను పేరు పాడుచేసిన ఆ అమ్మాయిది మేడ్చల్ దగ్గర అత్వెల్లి. మా దగ్గర పనిచేసే వాళ్ళ ఊరి అమ్మాయి వెంట తీసుకొచ్చింది. పదో తరగతి దాకా తెలుగు మీడియం, మేడ్చల్‌లో డిగ్రీ. తండ్రి స్కూలు బస్సు డ్రైవరు. తల్లి షామీర్‌పేట దగ్గర కోళ్ళ హేచరీలో మురిగిన గుడ్లు ఏరే పనికి వెళ్ళేది. ఓనరు "టెల్ మీ అబౌట్ యువర్‌సెల్ఫ్" అంటే, బట్టీపట్టిన నాలుగు వాక్యాల్లో మూడోదాని దగ్గర ఆగిపోయి, మళ్ళీ మొదటినుంచి మొదలుపెట్టింది. ఓనరు నా వైపు చూసి పెదవి విరిచాడు. తీసుకుందామని చెప్పింది నేనే. ఈ మొత్తం కథలో నేను చేసిన మంచిపని అదొక్కటే, అదీ చివరికి మంచి కాలేదు.

నెల తిరక్కుండానే ఆ పిల్ల మా అందరినీ దాటిపోయింది. అర్థాలు సగం తెలియవు. కానీ అక్షరాలు కంటికి తగిలితే చాలు, మాట పట్టేసేది. తల్లి గుడ్డును దీపానికి అడ్డం పెట్టి చూసి మురిగిందో లేదో చెప్పినట్టే, ఈమె మాటను ఒక్క చూపు చూసి పనికొస్తుందో రాదో చెప్పేది.

ఒకరోజు బోర్డు మీద ఐదు అచ్చులూ లేని మాటలు రాయమన్నారు. స్పెల్లింగులో ఏ, ఇ, ఐ, ఓ, యు ఒక్కటీ ఉండకూడదు, వై ఉండొచ్చు. నేను 'స్కై', 'డ్రై' రాసి, 'రిథమ్' రాసి, దర్జాగా కలం కింద పెట్టాను. ఆమె కాగితం మీద 'హిమ్' ఉంది, అంటే చర్చిలో పాడే కీర్తన. దాని కింద 'మర్' ఉంది, అంటే బోళం, బాలయేసుకు జ్ఞానులు కానుకగా తెచ్చిన సుగంధపు బంక. పన్నెండేళ్ళు ఇంగ్లీషు చెప్పినవాణ్ణి, ఆ రెండూ నాకు తట్టలేదు.

"ఇది నీకెలా తెలుసమ్మా?"

"చిన్నప్పుడు క్రిస్మస్ నాటకంల మూడో జ్ఞాని నేనే సార్. బోళం డబ్బ నా చేతులనే ఉండె. డబ్బ మీద ఇంగ్లీషుల రాసి అంటించిండ్రు. నా వంతు వచ్చేదాక గా అక్షరాలే జూసుకుంట నిలవడ్డ."

క్యూ పక్కన యు రాని మాటల రోజున ఇంకా సంబరపడింది. మిషను జాబితా తెరిచి నవ్వు ఆపుకోలేకపోయింది. "గివన్ని మన మాటలే గద సార్! బుర్ఖా, ఖవాలీ, ఫకీరు, తలాఖు. మా మేడ్చల్ల బజార్ల నిలవడితె గివే ఇనవడ్తయి. మన కాడికెళ్ళి తీస్కపోయి మళ్ళ మనకే ఆట వెట్టిండ్రు." అందరం నవ్వాం. ఓనరు కేబిన్ తలుపు తీసి, "ఆ ముక్కే పేజీ పైన హింటుగా రాయండి" అన్నాడు. నేనూ నవ్వాను గానీ లోపల కడుపుమంట. ఎమ్మే చదివినవాణ్ణి 'చూసినవారు' గడిలో పెట్టి, నిజంగా చూపున్నదాన్ని 'చేసినవారు' గడిలో పెట్టారని నాకు అప్పటికే తెలిసిపోయింది.

తరువాత పిల్లల పేజీలు వచ్చాయి. బడిపిల్లలాడే మాటల ఆటల కోసం ప్రత్యేకంగా చెయ్యాలి. ఓనరు అవన్నీ ఆమెకే ఇచ్చాడు. ఆ మరుసటి సోమవారం ఆమె ఇంటినుంచి కేకు తెచ్చి అందరికీ పంచింది. "నిన్న సంఘంల సాక్ష్యం జెప్పిన సార్" అంది. దేవుడు తమకు చేసిన మేలును ఆదివారం చర్చిలో అందరి ముందూ నిలబడి చెప్పుకుంటారట. "మా అమ్మ లెక్క గుడ్లు ఏరకుంట కుర్సీల కూసొని పని జేస్తున్న, చిన్నపిల్లల కోసం మంచి మాటలు ఏరుతున్న అని జెప్పిన. మీ గురించి గూడ జెప్పిన. మా సార్ తండ్రి లెక్క అన్నీ నేర్పుతడు అని." నేను కేకు ముక్క నోట్లో పెట్టుకుని తల ఊపాను.

అదే వారం ఓనరు నన్ను కేబిన్‌లోకి పిలిచాడు.

"సార్, ఇవి పిల్లల పేజీలు. బూతులు గానీ తిట్లు గానీ ఒక్కటి కూడా పోకూడదు. మిషనుకు ఏది బూతో ఏది మాటో తెలియదు. అలాంటివన్నీ ఒక లిస్టు రాసి అమ్మాయిలకు ఇచ్చి, ఇవి కనిపిస్తే తీసెయ్యమని చెప్పండి. పెద్దవారు, మీకు నేను చెప్పాలా?"

సరేనన్నాను. నా బల్ల దగ్గరికొచ్చి కొత్త ఫైలు తెరిచి, పైన 'తీసెయ్యవలసిన మాటలు' అని తలకట్టు రాశాను. మొదటి మాట మొదటి రెండక్షరాలు కొట్టాను. పక్క బల్ల మీద ఒక అమ్మాయి ఉప్మా తింటోంది. చెరిపేశాను.

నా సంగతి మీకు చెప్పాలి. కాలేజీలో పాఠంలో ఎక్కడైనా ముద్దు వస్తే, "వారిద్దరూ అభిమానంగా పలకరించుకున్నారు" అని అనువదించి పేజీ తిప్పేసేవాణ్ణి. వెనక బెంచీవాళ్ళు కిసుక్కుమనేవాళ్ళు. దాన్ని నేను సంస్కారమనుకున్నాను. ఆ మాటలన్నీ నాకు తెలుసు. ఎక్కడెక్కడ చదివానో, ఎంత ఇష్టంగా చదివానో నాకే తెలుసు. తెలుసని నలుగురు ఆడపిల్లల ముందు ఒప్పుకోవాలంటే మాత్రం మొహం చెల్లలేదు. ఇంటికెళ్ళి రాద్దామనుకున్నాను, రాయలేదు. మూడు రోజులు పోయాక ఓనరు "లిస్టు అయిందా సార్?" అని అడిగితే, "ఇచ్చేశానండీ" అన్నాను.

ఇచ్చింది ఏమిటంటే, ఒక్క వాక్యం. పిల్లల పేజీలు చేసే ఆ అమ్మాయి బల్ల పక్కనుంచి వెళుతూ, "చెడ్డ మాటలు వస్తే తీసెయ్యమ్మా" అన్నాను.

"చెడ్డయంటె ఎసుంటియి సార్?"

"ఏది చెడ్డదో మీ చర్చిలో చెప్పరా?" అన్నాను వేళాకోళంగా. మిగతా ముగ్గురూ నవ్వారు.

ఆమె కూడా నవ్వి, "జెప్తరు సార్" అంది. తల వంచి పనిలో పడింది.

ఆ రోజు ఆమె చేసినది నాలుగు, ఐదు, ఆరు అక్షరాల మాటల పేజీ. ఎంత శ్రద్ధగా చేసిందో తరువాత చూశాను. వైన్ తీసేసింది. బీర్ తీసేసింది. కిస్, డెవిల్, విచ్, క్యాసినో, టాటూ అన్నీ తీసేసింది. సినిమాల్లో అందరి నోటా వినబడే ఆ ఒక్క బూతు ఆమెకూ తెలుసు, అదీ తీసేసింది. మిగిలిపోయినవి ఆరు. ఒంటి భాగాలకు ఇంగ్లీషువాళ్ళు పెట్టుకున్న ముతక పేర్లు కొన్ని, మనుషుల రంగునూ జాతినీ పట్టుకుని తిట్టేవి కొన్ని. చూడ్డానికి పిల్లి, కోడి అన్నంత మామూలుగా ఉంటాయి. అత్వెల్లిలో పుట్టి, బడికీ చర్చికీ తప్ప ఎక్కడికీ వెళ్ళని పిల్లకు అవి ఎందుకు తెలుస్తాయి?

పేజీ నా దగ్గరికొచ్చింది. చూడాలి. చూస్తే ఆ ఆరూ తీసెయ్యాలి. తీసేస్తే ఆమె తెరమీద ఎర్రగా కనబడుతుంది. నేను ఏది మార్చినా కుర్చీ తిప్పి, "గిదెందుకు తీసిండ్రు సార్?" అని అడిగి తెలుసుకోవడం ఆమె అలవాటు. అలా అడిగే నా దగ్గర అంత నేర్చుకుంది. ఆ ప్రశ్నకు జవాబు చెప్పలేక నేను పేజీ చూడనేలేదు. 'చూసినవారు' గడిలో నా పొడి అక్షరాలు కొట్టి పంపేశాను.

నాలుగు రోజుల తరువాత గొడవ వచ్చింది. ఆ దేశంలో ఎక్కడో ఒక బడిలో టీచరమ్మ ఆ పేజీని తరగతి గోడ మీద పెద్ద తెరకెక్కించిందట. ఎనిమిదేళ్ళ పిల్లలు పైకి చదివారట. తల్లిదండ్రులు వెబ్‌సైటువాళ్ళను, వాళ్ళు మా ఓనరును దులిపేశారు. ఆయన పేజీ కింద గడులు చూసి నన్ను కేబిన్‌లోకి పిలిచాడు.

"చూసింది మీరే కదా సార్?"

అవునని చెప్పి, లిస్టు రాయలేదని కూడా చెప్పేస్తే సరిపోయేది. తిట్టేవాడు. తీసేసేవాడేమో కూడా. నాకు టైల్సు కొట్టు కళ్ళముందు కనబడింది.

"నేను చూసినప్పుడు అవి లేవండీ. తరువాత ఎవరైనా మార్చారేమో" అన్నాను.

"ఎవరైనా అంటే?"

అద్దంలోంచి ఆమె కూర్చున్న వైపు చూశాను. అంతే. ఎవరైనా అడిగితే నేను ఏ మాటా అనలేదని ప్రమాణం చెయ్యడానికి వీలుగా, అంత జాగ్రత్తగా చూశాను.

ఓనరు బయటికొచ్చి, అందరి ముందే ఆమె తెర మీద ఆ ఆరు మాటలు తెరిచి చూపించాడు. "ఏంటిది? పిల్లల పేజీలో ఇవేంటి?"

ఆమె వంగి చదివింది. ఒక్కొక్కటీ పెదవులు కదిలిస్తూ చదివింది. "గివి తియ్యాల్సినయా సార్? ఎందుకు? గివేంది?"

"నాటకాలొద్దు."

"నాకు నిజంగ తెల్వది సార్" అని, నా వైపు తిరిగింది. "సార్, మీరు జూసిండ్రు గద?"

"నేను చూసినప్పుడు లేవమ్మా."

అమ్మా అనే అన్నాను. గొంతు కూడా మెత్తగానే వచ్చింది. ఆమె నా మొహంలోకి చూస్తూ కాసేపు నిలబడింది. నాకు పొరపాటు జరిగిందేమో, గుర్తు తెచ్చుకుంటానేమో అని చూసినట్టుంది. తరువాత టిఫిన్ డబ్బా, నీళ్ళ సీసా, కొత్త మాటలు రాసుకునే చిన్న నోటుబుక్కు సంచిలో పెట్టుకుంది. "పోయొస్త సార్" అని నాకు చెప్పే వెళ్ళింది. నా దగ్గర చెప్పకుండా ఎప్పుడూ వెళ్ళలేదు, ఆ రోజూ వెళ్ళలేదు.

గదిలో మిగిలిన అమ్మాయిలందరూ విన్నారు. కంప్యూటర్‌లో బూతులు రాసినందుకు ఉద్యోగం తీసేశారన్న మాట, ఆమె మేడ్చల్ బస్సు దిగేలోపే అత్వెల్లి చేరిపోయింది.

రెండు రోజుల తరువాత మధ్యాహ్నం, బడి పిల్లల్ని దించడానికి ఇంకా టైమున్నప్పుడు, ఆమె తండ్రి వచ్చాడు. ఖాకీ బట్టలు, జేబులో దువ్వెన, నా ఈడు మనిషి. ఓనరు అద్దంలోంచి చూసి, "సార్, మీరే మాట్లాడి పంపించండి" అన్నాడు. ఆయన్ని మెట్ల దగ్గరికి తీసుకెళ్ళాను. నేను ఆమె 'సార్'నని తెలియగానే రెండు చేతులూ జోడించాడు.

"మీ గురించి మా బిడ్డ మస్తు జెప్తది సార్. మీకు తక్లీఫ్ ఇయ్యనీకె రాలే. పని పోతె పోయింది, ఇంకోటి దొరుకుతది. పేరు పోతాంది సార్. సంఘంల అందరు మా దిక్కు ఒక తీర్గ జూస్తాన్రు. మొన్ననే నిలవడి సాక్ష్యం జెప్పింది, ఇప్పుడు గిట్ల. రెండొద్దులాయె, బువ్వ ముడ్తలేదు."

నేను కూర్చోమన్నాను. కూర్చోవడానికి మెట్లు తప్ప ఏమీ లేవు. ఆయన కూర్చోలేదు.

"నాకు ఇంగ్లీషు రాదు సార్. గా మాటలేందో నాకు జెప్పకుండ్రి, నాకెందుకు. ఒక్కటే అడుగుత. గివి తియ్యాలె బిడ్డా అని దానికి ముందుగాల ఎవలన్న జెప్పిండ్రా? అదైతె ఎవలు జెప్పలేదంటాంది. మీరు గూడ లే, ఎవలు జెప్పలే అంటె సాలు. ఐతారం నాడు సంఘంల నేనే లేచి నిలవడి జెప్త. మా బిడ్డకు తెల్వక ఇడిసిపెట్టింది, దాని తప్పు లేదు, వాళ్ళ సారే జెప్పిండు అని. గంతె సార్."

ఎంత చిన్న కోరిక! ఉద్యోగం తిరిగివ్వమనలేదు. ఓనరుకు చెప్పమని కూడా అనలేదు. 'ఎవరూ చెప్పలేదు' అన్న రెండు మాటలు, సుచిత్రలో మెట్ల మీద, ఇంకెవరూ వినకుండా. నా వెనక అద్దం తలుపు ఓరగా తెరిచి ఉంది. ఓనరు వింటున్నాడేమో అనుకున్నాను. ఆయన వినకపోయినా నేను అదే చెప్పేవాణ్ణేమో, ఇప్పటికీ తేల్చుకోలేను.

"చెప్పామండీ" అన్నాను.

"ఎవలు జెప్పిండ్రు సార్?"

"నేనే చెప్పాను. లిస్టు కూడా రాసిచ్చాను."

ఆయనకు నా మాట నమ్మడానికి క్షణం కూడా పట్టలేదు. తిడతాడనుకున్నాను, కూతురు అబద్ధం చెప్పదని వాదిస్తాడనుకున్నాను. అలా చేసి ఉంటే నేను లొంగిపోయేవాణ్ణేమో. ఆయన అలాగే చేతులు జోడించి ఉన్నాడు.

"మీరే జెప్పిండ్రా? అట్లయితె ఇగ ఏముంది సార్. పెద్దోళ్ళు రాసిచ్చినంక గూడ ఇనకపోతె తప్పు మా దాందే. దాని మాట వట్టుకొని మిమ్ముల అడుగనీకె వచ్చిన. మనసుల వెట్టుకోకుండ్రి."

మెట్లు దిగి వెళ్ళిపోయాడు. నేను లోపలికొచ్చి కూర్చున్నాను. "వెళ్ళిపోయాడా?" అని అడిగాడు ఓనరు. వెళ్ళిపోయాడన్నాను. ఆ ఉద్యోగం ఆ తరువాత ఇంకో తొమ్మిది నెలలు ఉంది. మేం చేసే వడపోత కూడా మిషనే చేసుకోవడం మొదలుపెట్టాక ఓనరు గది ఖాళీ చేసి, అమ్మాయిలనూ నన్నూ ఒకే రోజు పంపించేశాడు. ఆ తొమ్మిది నెలల కోసమే నేను ఆ తండ్రి చేత తన కూతుర్ని అబద్ధాలకోరు అనిపించాను.

తండ్రి వచ్చివెళ్ళిన తరువాతి సోమవారం మధ్యాహ్నం అన్నాల దగ్గర, ఆ పిల్లను మొదట వెంట తీసుకొచ్చిన వాళ్ళ ఊరి అమ్మాయి నా బల్ల దగ్గరికొచ్చింది. ఆమెదీ అదే చర్చి.

"నిన్న సంఘంల ఒప్పుకున్నది సార్."

"ఏం ఒప్పుకుంది?"

"వాళ్ళ బాపు జెయ్యి వట్టుకొని లేపి నిలవెట్టిండు. 'చెడ్డ మాటలు రాసిన. మా సార్ ముందే రాసిచ్చిండు, నేనే ఇనలే. తప్పయింది, నన్ను క్షమించుండ్రి' అన్నది. అందరు కండ్లు మూసుకొని దానికోసం ప్రార్థన జేసిండ్రు."

"ఏడ్చిందా?"

"లే సార్. అప్పజెప్పినట్టు జెప్పింది. ఇయాల్టి సంది వాళ్ళ అమ్మతోని హేచరీకి పోతాంది."

నా బల్ల మీద పెరుగన్నం డబ్బా తెరిచి ఉంది. "వెళ్ళి తినమ్మా" అన్నాను, వెళ్ళింది. అర్థం కూడా తెలియని మాటలకూ, ఎవరూ రాసివ్వని లిస్టుకూ, దేవుడి ముందు నిలబడి తప్పు ఒప్పుకుంది ఆ పిల్ల. నాకు ఆ ఆరు మాటలూ అర్థాలతో సహా వచ్చు.

సుచిత్రలో నిలబడితే మేడ్చల్ బస్సు పది నిమిషాలకొకటి వస్తుంది. మేడ్చల్‌లో దిగితే అత్వెల్లికి షేర్ ఆటో దొరుకుతుంది. ఏ ఆదివారం వెళ్ళినా ఆ చర్చిలో లేచి నిలబడి నాలుగు మాటలు చెప్పుకోవచ్చు, ఎవరూ అడ్డుచెప్పరు. మూడేళ్ళయింది. నేను వెళ్ళలేదు.